సామాను ఎక్కగానే బండి ఎందుకు కుంగుతుంది?

నాన్న ఒక్కరే నడిపితే మెత్తగా పోయే బుల్లెట్, అమ్మా సామానూ ఎక్కాక గుంతలో పడితే దభీమంటుంది. ఎందుకు?

వెనక షాకబ్జర్‌లో బరువు మోసేది స్ప్రింగు. లోపలి ఆయిల్ సన్నని రంధ్రాల గుండా పారుతూ ఆ స్ప్రింగు ఊగిసలాటను అణుస్తుంది. బరువు పెరిగితే స్ప్రింగు ముందే కుంగి, గుంతను తట్టుకునే జాగా తగ్గిపోతుంది. పైగా హెడ్‌లైటు పైకి లేచి ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది!

అందుకే ఇలాంటి బండ్లలో ఒకటైన క్లాసిక్ 350 షాకబ్జర్లకు 6 మెట్ల రింగు పెట్టారు. బరువు పెరిగినప్పుడు కొక్కెం లాంటి స్పానరుతో దాన్ని పై మెట్టుకు తిప్పాలి. రెండువైపులా ఒకే మెట్టు ఉండాలి. చాలామంది అనుకున్నట్టు దీంతో స్ప్రింగు గట్టిపడదు, కుంగిన ఎత్తు తిరిగొస్తుంది, అంతే. అందరూ కూర్చున్నాక షాకబ్జర్ మొత్తం కదలికలో సుమారు మూడో వంతు కుంగేలా తిప్పితే చాలు.

కొత్త షాకబ్జర్లు కొంటే ధరకన్నా ముందు పొడవు సరిపోతుందా, మన బరువుకు తగ్గ స్ప్రింగేనా అని చూడాలి. ఆయిల్ కారుతుంటే మాత్రం రింగు ఎంత తిప్పినా దండగే, షాకబ్జర్ బాగుచేయించాలి, లేదా మార్చాలి.

ఊరి నుంచి వచ్చి సామాను దించాక, రింగును మళ్లీ పాత మెట్టుకు తిప్పమని నాన్నకు మీరే గుర్తుచేయండి.