504251లో దాగిన పదకొండు

మా బెల్లంపల్లి పిన్‌కోడ్ 504251. ఆధార్ కార్డు మీద, సింగరేణి ఉద్యోగాల దరఖాస్తుల మీద రాసీ రాసీ దాన్ని ఊరి పేరులాగే చదువుతాం, సంఖ్యగా చూడం. నేను బడిలో లెక్కలు చెప్పేదాన్ని. చిత్తుకాగితం దొరికితే నా చేయి ఊరుకోదు.

పిన్‌కోడ్లు 1972 ఆగస్టు 15న వచ్చాయి. మొదటి అంకె 5 అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక. 504 ఆదిలాబాద్ దిక్కుది. 2016లో మంచిర్యాల జిల్లాలోకి వచ్చినా మా 504 మారలేదు. మంచిదే అయింది, 504 అంత కలుపుగోలు సంఖ్య అరుదు. 7, 8, 9 గుణిస్తే వచ్చేది అదే. పక్కన మూడు సున్నాలు పెట్టండి: 504000ను 1 నుంచి 10 దాకా దేనితో భాగించినా శేషం మిగలదు. కాబట్టి 504తో మొదలయ్యే పిన్‌కోడ్‌ను పదిలోపు ఎక్కాల్లో పరీక్షించాలంటే చివరి మూడంకెలు చాలు. మందమర్రిది 504231. 231 మూడో ఎక్కంలోనూ, ఏడో ఎక్కంలోనూ పోతుంది; 504231 కూడా అంతే. మా 251 మాత్రం ప్రధాన సంఖ్య, దేనికీ లొంగదు.

మరి 504251 కూడా ప్రధాన సంఖ్యేనా? ఇంత పెద్ద సంఖ్యల్లో సుమారు పదమూడింటికి ఒకటి అలాంటిది ఉంటుంది. నాకూ ఆశ పుట్టింది. పదకొండు దగ్గర పోయింది! బేసి స్థానాల అంకెలు 5, 4, 5 కలిపితే 14. సరి స్థానాలవి 0, 2, 1 కలిపితే 3. తేడా 11 వచ్చిందంటే పదకొండుతో నిశ్శేషంగా పోయినట్టే. పది అనేది పదకొండుకు ఒకటి తక్కువ, వంద అనేది తొంభైతొమ్మిదికి ఒకటి ఎక్కువ, వెయ్యి మళ్లీ 1001కి ఒకటి తక్కువ. తొంభైతొమ్మిది, 1001 కూడా పదకొండో ఎక్కంలోవే. ఈ ఎక్కువ తక్కువల వల్లే స్థానాలను ఒకటి విడిచి ఒకటి కూడి తేడా చూస్తాం.

భాగిస్తే 45841 వస్తుంది. ఇది అసలైన మొండిది. 2 నుంచి 211 దాకా ఉన్న 47 ప్రధాన సంఖ్యల్లో ఏదీ దీన్ని భాగించదు; అంతకుమించి చూడనక్కర్లేదు, ఎందుకంటే 215 వర్గమే దీన్ని దాటిపోతుంది. నాలుగుతో భాగిస్తే శేషం 1 వచ్చే ప్రధాన సంఖ్య ఏదైనా రెండు వర్గాల మొత్తమేనని 1640లో ఫెర్మా అన్నాడు. రుజువు చూపింది నూరేళ్ల తర్వాత ఆయిలర్. చూడండి: 204 వర్గం 41616, 65 వర్గం 4225, కలిపితే 45841. పూర్తి పిన్‌కోడ్‌కు ఆ యోగం లేదు. ఏ వర్గానికైనా నాలుగుతో శేషం 0 లేదా 1. రెండు కలిపినా 2 దాటదు. 504251కి శేషం 3.

పదకొండు మరో పనికీ వస్తుంది. పాత పదంకెల ఐఎస్‌బీఎన్‌లో పుస్తకం నంబరు తప్పు పడితే పట్టిచ్చేది ఇదే. పిన్‌కోడ్‌లో తపాలావాళ్లు ఆ ఏర్పాటు పెట్టలేదు. మా ఊరికి అనుకోకుండా కలిసొచ్చింది. ఒక్క అంకె మారినా, పక్కపక్క అంకెలు తారుమారైనా పదకొండుతో పోదు. 504215 అని రాస్తే తేడా 3, దొరికిపోయినట్టే. 504ను 405 చేస్తే మాత్రం ఈ ఉపాయం పారదు, బేసి స్థానాల అంకెలు బేసి స్థానాల్లోనే తిరిగాయి కదా. మొదటి రెండంకెలు 40 అయ్యాయి గనుక ఉత్తరం బల్లార్షా దిక్కు, మహారాష్ట్రకు పోవాల్సిందే.