మీకు తెలుసా? చందమామ దారిలో తణుకు ఇంధనం

తణుకు పేరు చెబితే చెరకు గుర్తొస్తుంది, పంచదార గుర్తొస్తుంది. 1947లో ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ గారు స్థాపించిన ఆంధ్రా షుగర్స్ అక్కడ ఆస్పిరిన్ కూడా చేస్తుందని గోదావరి జిల్లాల్లో చాలామందికి తెలుసు. అదే కంపెనీ తణుకులోనే ఇస్రో కోసం రాకెట్ ఇంధనం తయారుచేస్తుందని మీకు తెలుసా?

ఆ ఇంధనం పేరు యూడీఎంహెచ్. పూర్తి పేరు అన్‌సిమెట్రికల్ డైమిథైల్ హైడ్రజీన్. రంగులేని ద్రవం, చేపల వాసనలాంటి ఘాటు. ఇది మూడు పాళ్లు, హైడ్రజీన్ హైడ్రేట్ ఒక పాలు కలిపితే యూహెచ్25 అవుతుంది. మన పీఎస్ఎల్‌వీ రెండో దశలోనూ, ఎల్‌వీఎం3 నడుమ దశలోనూ ఉండే వికాస్ ఇంజిన్లు మండించేది దీన్నే.

దీని గొప్పతనం వెలిగే తీరులో ఉంది. నైట్రోజన్ టెట్రాక్సైడ్ అనే మరో ద్రవం తగిలిందంటే చాలు, దానంతటదే భగ్గున మండుతుంది. అగ్గిపుల్ల అక్కర్లేదు, విద్యుత్ స్పార్కు అక్కర్లేదు. ద్రవ హైడ్రోజన్‌లా గడ్డకట్టే చలిలో దాచనక్కర్లేదు కూడా. మామూలు వేడిమి దగ్గరే ట్యాంకులో రోజుల తరబడి నిలవ ఉంటుంది.

మనిషిని చంద్రుడి మీదికి పంపినవాళ్లకు కావలసింది సరిగ్గా ఇదే. 1969 జులైలో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ చంద్రుడి మీద దిగిన వాహనంలో రెండు ప్రధాన ఇంజిన్లు ఉండేవి: దిగడానికి ఒకటి, పైకి లేవడానికి ఒకటి. లేపే ఇంజిన్‌కు ప్రత్యామ్నాయం లేదు. అది వెలగకపోతే ఇద్దరూ అక్కడే మిగిలిపోతారు. అందుకే దాన్ని వీలైనంత సాదాగా కట్టారు. పంపులు లేవు, హీలియం ఒత్తిడే ఇంధనాన్ని తోస్తుంది. నిప్పు పెట్టే పరికరమూ లేదు. కవాటాలు తెరుచుకుని రెండు ద్రవాలూ కలిస్తే చాలు. ఆ ఇంధనమే ఏరోజీన్50. అందులో సగం హైడ్రజీన్, మిగతా సగం యూడీఎంహెచ్. తణుకులో తయారయ్యేదీ ఆ యూడీఎంహెచ్చే! 1969 నుంచి 1972 దాకా చంద్రుడి మీద నడిచిన పన్నెండు మందినీ అక్కడినుంచి పైకి లేపింది ఏరోజీన్50, నైట్రోజన్ టెట్రాక్సైడ్ అనే ఈ జంట ద్రవాలే. ఆ తర్వాత వాళ్లను భూమివైపు మళ్లించిన అపోలో నౌక పెద్ద ఇంజిన్ కూడా వీటితోనే నడిచింది.

అయితే ఇవి ప్రాణాంతకమైన విషాలు. 1975లో అంతరిక్షంలో అమెరికా అపోలో, సోవియట్ సోయుజ్ నౌకల కలయిక ముగించుకుని తిరిగొస్తుండగా నైట్రోజన్ టెట్రాక్సైడ్ ఆవిరి అపోలో గదిలోకి చొరబడింది. ముగ్గురు వ్యోమగాములూ దాన్ని పీల్చారు. వాన్స్ బ్రాండ్ స్పృహ తప్పారు. ముగ్గురినీ హొనొలులులో ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఇలాంటి రసాయనాలతో రోజూ పనిచేసే కార్మికుల జాగ్రత్త మీద, క్రమశిక్షణ మీద మన రాకెట్లు ఎంతగా ఆధారపడ్డాయో ఊహించండి. వాళ్ల పేర్లు పత్రికల్లో రావు, రావాలి.

ఇక మన వంతు. మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్ కోసం ఎంపికైన నలుగురు పైలట్లు ప్రశాంత్ నాయర్, అజిత్ కృష్ణన్, అంగద్ ప్రతాప్, శుభాంశు శుక్లా. మనుషుల్ని మోయాలంటే రాకెట్‌లో ప్రతి భాగాన్నీ మామూలు కంటే కఠినంగా పరీక్షించాలి. గగన్‌యాన్‌ను మోసే ఎల్‌వీఎం3లో రెండు వికాస్ ఇంజిన్లు నేలమీద వెలగవు. రాకెట్ లేచిన దాదాపు రెండు నిమిషాలకు, ఆకాశంలో వెలుగుతాయి. తాకగానే మండే ఇంధనం విలువ అక్కడ తెలుస్తుంది. 2021 జులై 14న తమిళనాడులోని మహేంద్రగిరిలో ఈ ఇంజిన్‌ను గగన్‌యాన్ కోసం ఏకబిగిన 240 సెకన్లు మండించి చూశారు.

2023 అక్టోబరు 21న శ్రీహరికోటలో వ్యోమగాములను ఆపద నుంచి తప్పించే ఏర్పాటును రాకెట్ ఎగురుతుండగా తొలిసారి పరీక్షించినప్పుడు, ఆ పరీక్షా రాకెట్‌ను లేపింది ఒకే ఒక్క వికాస్ ఇంజిన్. కౌంట్‌డౌన్ 5 సెకన్ల దగ్గర కంప్యూటర్ ఆపేసింది. లోపం కనిపెట్టి సరిచేసి, ఉదయం పదింటికి వదిలారు. దాదాపు 17 కిలోమీటర్ల ఎత్తులో సిబ్బంది గది విడిపోయి, పారాచూట్లతో బంగాళాఖాతంలో దిగింది. నౌకాదళం దాన్ని ఒడ్డుకు చేర్చింది.

2040 నాటికి భారతీయుణ్ని చంద్రుడి మీద దించాలన్నది దేశం పెట్టుకున్న లక్ష్యం. ఆ ప్రయాణం చేయబోయేవాళ్లు ఇప్పుడు బడిలో ఉండి ఉంటారు. తణుకు చుట్టుపక్కల రసాయనశాస్త్రం చెప్పే మాస్టార్లకు, టీచరమ్మలకు ఒక మనవి. నైట్రోజన్ సమ్మేళనాల పాఠం వచ్చిన రోజున ఈ ఇంధనం సంగతి, ఇది మన ఊళ్లోనే తయారవుతున్న సంగతి పిల్లలకు తప్పకుండా చెప్పండి.