గిన్నె ఎవరి గోనెలో దొరికింది?



తునికి, పాయకరావుపేటకు నడుమ తాండవ నది ఒక్కటే అడ్డు. వంతెనకు ఇవతల కాకినాడ జిల్లా, అవతల అనకాపల్లి జిల్లా. 2022 ఏప్రిల్ 4న క్రొత్త జిల్లాలు ఏర్పడక ముందు తూర్పు గోదావరి, విశాఖపట్నం జిల్లాలకు ఇదే హద్దు. చెన్నై నుండి కలకత్తా పోయే జాతీయ రహదారి, మన పెద్దలు నేటికీ ఐదో నంబరు రోడ్డు అనే పదహారవ నంబరు రహదారి, ఈ ఊరి మీదుగానే పోతున్నది. నర్సీపట్నం వైపు నుండి మన్యపు దారి కూడా ఇటే దిగుతుంది. అందుచేత ఈ చుట్టుప్రక్కల పోలీసు తనిఖీలు క్రొత్త కాదు. ఆరాధనకు ఆలస్యముగా వచ్చిన సహోదరులు "చెకింగులో నిలిపేశారు అయ్యగారూ" అని చెప్పడం మాకు అలవాటే. దొంగలను వదిలి మమ్మల్ని ఆపుతారేమిటని విసుగుకొనేవారూ ఉన్నారు.

ఈ దారిలో తనిఖీ ముఖ్యముగా గంజాయి కొరకు. 2021లో పోలీసు శాఖ "ఆపరేషన్ పరివర్తన" అని మన్యములో తోటలను నరికించింది. 2024లో "ఈగల్" అనే ప్రత్యేక దళము ఏర్పడింది. అయితే గంజాయి మోసేవాడు తన సొంత బండి తెచ్చుకోవడానికి జంకుతాడు గదా! దొంగిలించిన బండికి వేరొక నంబరు బిగించి తెస్తాడు. అందుకే పోలీసువారు సంచితో పాటు బండిని కూడా చూస్తారు. యూనిఫారములో ఉన్న పోలీసు అధికారి అడిగితే లైసెన్సు, సి బుక్కు చూపించవలెనని 1988 మోటారు వాహనాల చట్టమే చెబుతున్నది.

నంబరు పలక పావుగంటలో మార్చవచ్చు. మార్చలేనిది ఛాసిస్ నంబరు. మోటారు సైకిలుకైతే అది సాధారణముగా హ్యాండిలు దగ్గర ఫ్రేము మీద చెక్కి ఉంటుంది. ఆకురాయితో అరగదీసినా, నిపుణులు రసాయనము పూసి పాత అంకెలను చాలాసార్లు బయటికి రప్పించగలరు. యొర్దాను రేవుల దగ్గర ఎఫ్రాయిము వారిని ఒక్క మాట పలుకుమని పట్టుకొన్న సంగతి న్యాయాధిపతుల గ్రంథములో చదివాము. వేషము మారినా నాలుక మారలేదు.

ఈ రహదారి పట్టుకొని ఇచ్ఛాపురం దాటి, ఒడిషా మీదుగా బెంగాలు చేరి, ఉత్తరమునకు సిలిగురి వరకు పోతే పానీటంకి అనే ఊరు వస్తుంది. అక్కడ కూడా మన తాండవ వలెనే ఒక నది, మేచి. దాని మీద వంతెన. అవతలి ఒడ్డు మరొక జిల్లా కాదు, నేపాల్ దేశము. ఆ దేశముతో మన సరిహద్దు 1,751 కిలోమీటర్లు. మనుష్యులు వీసా లేకుండా దాటవచ్చు. బండికి మాత్రము నేపాల్ కస్టమ్స్ ఆఫీసులో రుసుము కట్టి చీటీ తీసుకోవాలి. 2001 నుండి సశస్త్ర సీమా బల్ అక్కడ కాపలా కాస్తున్నది. కాని అంత పొడవున పొలాల గట్లు, కాలిబాటలు ఎన్ని! దొంగ బండి ఒకసారి దాటిందా, మన పోలీసులకు అక్కడ అధికారము లేదు. ఫ్రాన్సులోని ఇంటర్‌పోల్ సంస్థ దొంగ వాహనాల పట్టిక నడుపుతున్నది గాని, పల్లెలో పోయిన పాత మోటారు సైకిలు కొరకు దేశాల మధ్య ఉత్తరాలు నడవడం ఎక్కడి మాట? కనుక సరిహద్దుకు ఎంతో ముందే, లోపలి రోడ్ల మీదనే ఆపవలసి వస్తుంది.

అయితే అన్ని బండ్లూ నేపాల్ పోవు. కొన్ని మన వీధికే వస్తాయి.

మేము ఎరిగిన ఒక విశ్వాసుల కుటుంబములో కుమారుడు పన్నెండు వేలకు బండి కొన్నాడు. బజారులో దాని వెల ముప్పయి వేలకు తక్కువ ఉండదు. "ఫైనాన్సు వాళ్ళు పట్టుకొన్న బండి, కాగితాలు నెలలో వస్తాయి" అన్నాడట అమ్మినవాడు. నాలుగు నెలలైనా రాలేదు. ఒక సాయంత్రము తనిఖీలో ఆపారు, ఛాసిస్ నంబరు చూశారు. అది వేరే జిల్లాలో పోయిన బండి.

తల్లి మందిరపు మెట్ల మీద కూర్చుండి "మావాడు దొంగ కాడు అయ్యగారూ" అని ఏడ్చినది. నిజమే, దొంగ కాడు. కాని దొంగ సొత్తు అని తెలిసి గాని, నమ్మడానికి కారణముండి గాని దురుద్దేశముతో ఉంచుకొన్నవారికి మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చును. పూర్వము ఇది శిక్షాస్మృతిలో 411వ సెక్షను. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో 317వ సెక్షను. ఆదికాండము 44వ అధ్యాయములో యోసేపు సోదరులు ఎంత ధైర్యముగా గోనెలు దింపారో చూడండి. గిన్నె బెన్యామీను గోనెలో దొరికింది. బెన్యామీనుకు ఏమీ తెలియదు. మన కుర్రవానికి మాత్రము వెల వినగానే అనుమానము వచ్చింది. తరువాత అతడే మాతో చెప్పాడు.

ఆ బండి యజమాని పాలు పోసుకొనే మనిషి. బండి పోయాక సైకిలుకు క్యాన్లు కట్టుకొని తిరిగాడు. వేళకు పాలు అందక సగము ఇండ్లవారు మానుకొన్నారు. స్టేషనులో అతనిని చూచాక ఆ తల్లి మరి ఏడవలేదు. కోడలి గాజులు తాకట్టు పెట్టి అతనికి కొంత సొమ్ము ఇచ్చినది. ఎవరూ అడగలేదు. మోషే ధర్మశాస్త్రములో దొంగిలించి అమ్మిన గొఱ్ఱెకు నాలుగు ఇవ్వాలి, ఎద్దుకు అయిదు. ఎద్దు పనిచేసే పశువు గనుక ఎక్కువ అని కొందరు వ్యాఖ్యాతలు వివరిస్తారు. పాలవానికి బండే ఎద్దు.

దొరికిన బండిని స్టేషను ఆవరణలో తుప్పు పట్టనీయక, పూచీ తీసుకొని యజమానికి త్వరగా అప్పగించాలని సుప్రీంకోర్టు 2002లో సుందర్‌భాయి కేసులో చెప్పింది. బండి పోగొట్టుకొన్నవారు ఈ మాట గుర్తుంచుకొని మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు పెట్టుకోవచ్చు.

పాత బండి కొనేవారు సి బుక్కులోని ఇంజను, ఛాసిస్ నంబర్లను బండి మీద ఉన్నవాటితో స్వయముగా పోల్చి చూడండి. జాతీయ నేర రికార్డుల బ్యూరో వారి "వాహన్ సమన్వయ్"లో ఆ నంబర్లు కొడితే దొంగ బండ్ల పట్టికలో ఉన్నదో లేదో తెలుస్తుంది. మీ పిల్లలు ఫోనులోనే చూడగలరు. కొన్న ముప్పయి దినములలో పేరు మార్పించుకోవాలి.

ఇప్పటికే కాగితాలు లేని బండి ఇంట ఉన్నవారు దానిని రాత్రివేళ వేరొకరికి అంటగట్టవద్దు. ముందు ఒక వకీలుతో మాట్లాడి, సంఘ పెద్దలను వెంటబెట్టుకొని స్టేషనుకు వెళ్ళండి. పిలిస్తే మేమును వస్తాము.