మైక్రోఫోను సంరక్షణము



నేను ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలో తెలుగు చెప్పినవాడను; యంత్రశాస్త్రము చదివినవాడను కాను. అట్టి నేను మైక్రోఫోను సంరక్షణమును గూర్చి ప్రసంగించుట మీకు వింతగా తోచవచ్చును. కాని యొక పనిముట్టును చేజేతుల చెడగొట్టి, దాని ఫలమును కన్నులార చూచినవానికి, దానిని కాపాడు రీతిని చెప్పుటకు కొంత యధికారము కలదని నా నమ్మకము.

పదునైదేండ్ల క్రిందటి మాట. మా యూర హరికథలు చెప్పు వృద్ధ భాగవతులొకరుండిరి. వారి కంఠమును ముద్రణము చేయించి దాచవలెనని మేము కొందరము తలచి, పట్టణములోని యొక చిన్న ధ్వనిముద్రణశాలకు వారిని తోడ్కొని పోతిమి. లోపల అడుగిడగనే, సభలలోని యలవాటు చొప్పున నేను ముందుగా మైక్రోఫోను కడకు పోయి, అది పలుకుచున్నదో లేదో చూతమని గట్టిగా రెండు మారులు ఊదితిని. అద్దము వెనుకనున్న యువకుడు చెవుల హెడ్‌ఫోను తీసి పరుగున వచ్చి, “ఎంత పని చేశారు మాస్టారూ! దీన్ని ఊదకూడదండీ” అనెను. లోపలి రేకు తెగినది. అచ్చటి రెండవ మైక్రోఫోను పొరుగూరి సభకు పోయియుండెను. భాగవతులవారు నవ్వి, “పోనీలే నాయనా, మళ్ళీ వద్దాం” అనిరి. రేకు మార్పించుటకు రెండు నెలలు పట్టెను. ఆ రెండు నెలలలోనే వారు పరమపదించిరి.

ఆ రేకు ఎట్టిదో నేను పిమ్మట తెలిసికొంటిని. అది రిబ్బను మైక్రోఫోను. బలమైన యయస్కాంతము యొక్క రెండు ధ్రువముల నడుమ, సన్నని ముడుతలు పెట్టిన అల్యూమినియపు పట్టీ యొకటి వ్రేలాడుచుండును. దాని మందము మిల్లీమీటరులో వేయింట రెండు మూడు పాళ్లు. మన తలవెండ్రుకలో ఇరువదవవంతుకు మించదు. ధ్వనితరంగములు తాకినప్పుడు ఆ పట్టీ కదలును. అయస్కాంతక్షేత్రములో కదలుటచేత దానిలో విద్యుత్తు పుట్టును. 1920 తరువాత జర్మనీలో షాట్కీ, గెర్లాక్ అను శాస్త్రజ్ఞులు దీనిని కల్పించిరి. ఇంగ్లండులో బి.బి.సి. వారు 1934లో తమ రిబ్బను మైక్రోఫోనును వాడుకలోనికి తెచ్చిరి.

రెండవది కండెన్సరు మైక్రోఫోను. దీనిని 1916లో అమెరికాలో ఇ. సి. వెంటె నిర్మించెను. ఒక లోహఫలకమునకు మిక్కిలి చేరువగా పలుచని పొర యొకటి బిగించి, రెండింటి నడుమ విద్యుదావేశమును నిలుపుదురు. నేటి వానిలో ఆ పొర తరచుగా బంగారుపూత గల ప్లాస్టిక్కు. మూడవది డైనమిక్ మైక్రోఫోను. దీనిలో పొరకు సన్నని తీగచుట్ట యంటియుండును. సభలలో చేత పట్టుకొనునది సాధారణముగా ఇదియే. మూడింటిలో ఇది మోటుతనమునకు ఓర్చును. రిబ్బను ఏ మాత్రము ఓర్వదు.

ఇక సంరక్షణము. మొదటి శత్రువు మన యూపిరి. కంఠధ్వని అలవలె వచ్చి పొరను కదల్చును; గాలి త్రోపువలె వచ్చి దానిని సాగదీయును. కావున మైక్రోఫోనును ఊదరాదు, తట్టరాదు. పరీక్షింపదలచిన మాటాడి చూడవలెను. వర్ణోత్పత్తి పాఠము ఇచ్చట అక్కరకు వచ్చును. మీ యరచేతిని నోటికెదురుగా నుంచి “నలుడు” అనుడు, గాలి తగలదు. “ఫలము” అనుడు, తగలును. పవర్గము ఓష్ఠ్యము, పెదవులు విడివడగనే యూపిరి వెలికురుకును. అందుచేత నోటికి నేరుగా గాక కొంచెము ప్రక్కగా మైక్రోఫోను నిలిపి, నడుమ వలయమునకు బిగించిన నైలాను బట్టను ఉంచుదురు. రిబ్బను మైక్రోఫోనును ఒక గదినుండి వేరొక గదికి కొనిపోవునప్పుడు సయితము కప్పియుంచవలెను. నడకవలని గాలియు దానికి చాలును.

రెండవ శత్రువు చెమ్మ. మన కోస్తా జిల్లాలలో దీనికి కొదువ లేదు. కండెన్సరులో చెమ్మ చేరినచో నిలిపిన యావేశము కారిపోవును, చిటపటలు వినవచ్చును. అప్పుడు దానిని ఎండలోను పొయ్యి దగ్గరను పెట్టరాదు. పొడిగదిలో కొన్ని గంటలు విడిచియుంచిన తరచుగా బాగుపడును. పని తీరిన వెంటనే, గాలి చొరని పెట్టెలో చెమ్మను పీల్చు సిలికా జెల్ పొట్లములతో దాచుట మేలు.

మూడవది దుమ్ము. వీణకు గవిసెన తొడిగినట్లు దీనికిని తొడుగవలెను. రిబ్బను, డైనమిక్ మైక్రోఫోనులలో అయస్కాంతముండుటచే, ఆకురాయి పెట్టిన బల్లపై ఉంచినచో ఇనుపరజను లోనికి లాగుకొనును. అది మరల రాదు. డైనమిక్ మైకు మీది జల్లెడగుండును మర విప్పి తీసి, కొంచెము సబ్బు కలిపిన నీటిలో మెత్తని కుంచెతో కడిగి, నీడలో పూర్తిగా ఆరిన పిదప బిగింపవచ్చును. లోపలి పొరను మాత్రము వ్రేలితో గాని గుడ్డతో గాని తాకరాదు. అది నేర్పరి చేయవలసిన పని.

నాలుగవది విద్యుత్తు. కండెన్సరులకు తీగ వెంటనే 48 వోల్టులు పంపుదురు. దీనిని ఫాంటమ్ పవర్ అందురు. తీగలు సరిగానున్నచో దీనివలన రిబ్బనుకు హాని లేదు. తీగ లోపము కలదైనచో రేకు దెబ్బతినవచ్చును. కావున మైక్రోఫోనును కలుపుటకును తీయుటకును ముందు ధ్వనిమీటను దించి, ఆ విద్యుత్తును ఆపి, క్షణకాలము ఆగవలెను. రిబ్బను మైక్రోఫోనును పరుండబెట్టక నిలువుగా నుంచవలెను. లేనిచో రేకు తన బరువుచే క్రుంగును.

ఈ నియమములలో కష్టమైనది ఒక్కటియు లేదు. ఊదకుండుటకు డబ్బు అక్కర లేదు; గవిసెన కుట్టుటకు గజము గుడ్డ చాలును. రేకు తెగిన మరియొక రేకు వేయవచ్చును. దాని ముందు పలుకవలసిన కంఠమునకు మాత్రము బదులు లేదు. నేడు మా యూర ఆ భాగవతులవారి పాటను తలచుకొని చెప్పువారము నలుగురము మిగిలితిమి. వినిపించుటకు మా చేత నేమియు లేదు. మీ యింటగాని మీ యూరగాని అట్టి పెద్దలున్నచో, వారిని త్వరగా మైక్రోఫోను ముందు కూర్చుండబెట్టుడు. దానికి ముందు, దానిని ఊదవలదని అందరికిని చెప్పుడు.

ఇందాక ఇచ్చటి ఇంజనీరు “ఒకసారి మాట్లాడండి మాస్టారూ, చూస్తాను” అనెను. నేను ఒకింత ప్రక్కకు జరిగి, మెల్లగా నా పేరును మా యూరి పేరును చెప్పితిని. అంతియే చాలినది.