శుక్లం తీసినా మసకేనా?

శుక్లం తొలగించి కృత్రిమ కటకం అమర్చిన తరువాత కూడా కొందరు పెద్దలకు అక్షరాలు చెదిరినట్లే కనిపిస్తాయి. ఇందుకు ఒక కారణం ఆస్టిగ్మాటిజం. అంటే కంటి ముందుభాగాన ఉండే కార్నియా పొర వంపు అన్ని దిశలలో సమానంగా లేకపోవడం. శుక్లం తీసే సమయంలోనే ఫెంటోసెకండ్ లేజర్‌తో కార్నియా అంచున విల్లు ఆకారంలో సన్నని గాట్లు పెట్టి, ఆ అధిక వంపును సడలించవచ్చు. అయితే ఇది సుమారు 1 డయాప్టర్ వరకు గల స్వల్ప లోపానికే తగినది. లోపం అంతకు మించితే సాధారణంగా టోరిక్ కటకమే మేలు.

అటువంటి గాట్లను వైద్యుడు చేతితోనూ పెట్టగలడు. కనుక ఖరీదైన యంత్రమే ఉత్తమ వైద్యమని మనం భావించరాదు. తల్లిదండ్రులను శస్త్రచికిత్సకు తీసుకువెళ్ళినప్పుడు, "కార్నియా వంపు కొలిచారా? లోపం ఎంత?" అని ముందే అడుగుదాం. దూరపు చూపు చక్కబడినా చదవడానికి కళ్ళద్దాలు అవసరం కావచ్చని వారికీ ముందే తెలుపుదాం.