ప్రాసెసర్‌కు నిదానం నేర్పిన కథ

కరెంటు పోతే ఇన్వర్టర్ మీదే నెట్టుకురావాల్సిన అనంతపురం, కదిరి, కళ్యాణదుర్గం వైపు చిన్న కొట్లలో, పాత డెస్క్‌టాప్ తాగే ప్రతి వాటూ బ్యాటరీకి బరువే. నలభై డిగ్రీల ఎండలో ఆ వాటే వేడిగా మారి గదిని ఇంకా ఉడికిస్తుంది. దీనికి మందు చాలా పాత కంప్యూటర్ల లోపలే ఉంది. దాన్ని పని చేయించడం ఎలాగో చెప్పినవాళ్లే తక్కువ.

ఇంటెల్ 2000 జనవరిలో ల్యాప్‌టాప్‌ల కోసం స్పీడ్‌స్టెప్ తెచ్చింది. మొబైల్ పెంటియం 3 ఛార్జర్ మీద ఉంటే 650 మెగాహెర్ట్జ్, 1.6 వోల్టుల దగ్గర నడిచేది. బ్యాటరీ మీదకు రాగానే 500 మెగాహెర్ట్జ్, 1.35 వోల్టులకు దిగేది. వేగం తగ్గింది 23 శాతమే. ట్రాన్సిస్టర్ల మార్పిళ్లకయ్యే విద్యుత్తు మాత్రం లెక్క ప్రకారం 45 శాతం తగ్గుతుంది.

ఆ తేడా అంతా వోల్టేజిలో ఉంది. ట్రాన్సిస్టర్లు స్థితి మారినప్పుడల్లా అతి చిన్న కెపాసిటర్ల లాంటివి నిండి ఖాళీ అవుతాయి. ఆ ఖర్చు ఫ్రీక్వెన్సీతో నేరుగా, వోల్టేజితో వర్గంగా పెరుగుతుంది. ఫ్రీక్వెన్సీ ఒక్కటే సగం చేస్తే అదే పనికి రెట్టింపు సమయం పడుతుంది, మొత్తం మీద మిగిలేది పెద్దగా ఉండదు. వేగం తగ్గితే తక్కువ వోల్టేజితో సరిపెట్టుకోవచ్చు, అసలు లాభం అక్కడుంది. దానికీ అడుగు హద్దు ఉంది. సోలార్ మోటారు డ్రైవ్ ఎండ తగ్గినప్పుడు ఫ్రీక్వెన్సీ తగ్గిస్తుంది కానీ, లోతు బోరులో ఒక హద్దు దిగితే మోటారు తిరుగుతుంది, నీళ్లు పైకి రావు. ప్రాసెసర్ కూడా కనీస వోల్టేజికి చేరాక ఇంకా నెమ్మదించి ప్రయోజనం లేదు.

విండోస్ 2000కు ఈ విద్య సొంతంగా రాదు. ఇంటెల్ ఇచ్చిన చిన్న ప్రోగ్రామ్ వేసుకోవాలి. 2001లో వచ్చిన ఎక్స్‌పీకి వచ్చు. కానీ అందులో ‘హోమ్/ఆఫీస్ డెస్క్’ పథకం లైను కరెంటు ఉన్నంతసేపూ పూర్తి వేగమే ఇస్తుంది. మన ప్రాంతంలో చిక్కంతా ఇక్కడే: ఈ విద్య తర్వాత డెస్క్‌టాప్‌లకూ వచ్చినా, వాటికి ఇన్వర్టర్ కరెంటు కూడా లైను కరెంటే! పవర్ ఆప్షన్స్‌లో ‘మినిమల్ పవర్ మేనేజ్‌మెంట్’ ఎంచుకుంటే వేగం పనిని బట్టి మారుతుంది. ఏఎండీ వారి ఎథ్లాన్ 64 ఉంటే, ఇదే పని చేసే ‘కూల్ అండ్ క్వైట్’ను బయోస్‌లో ఆన్ చేసి, ఏఎండీ డ్రైవర్ కూడా వేయాలి.

లినక్స్‌లో వేగాన్ని నిర్ణయించే ‘ఆన్‌డిమాండ్’ గవర్నర్ 2004లో చేరింది. రాసినవారిలో అప్పటి ఇంటెల్ ఇంజనీరు వెంకటేశ్ పల్లిపాడి ఒకరు. అది సెకనుకు ఎన్నోసార్లు పనిభారం చూస్తుంది. భారం హద్దు దాటితే మెట్లెక్కకుండా ఒక్కసారే పైవేగానికి దూకుతుంది, పని తగ్గాక దిగుతుంది. మనిషి ఎదురుచూడకూడదన్న ఆ నిర్ణయం నాకెంతో నచ్చుతుంది.

పెంటియం 4 ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. దాని కోసం లినక్స్‌లో ఉన్న ‘పీ4-క్లాక్‌మాడ్’ డ్రైవర్ వోల్టేజిని ముట్టుకోదు, క్లాకు దెబ్బల్లో కొన్నింటిని ఎగ్గొడుతుందంతే. తెరమీద అంకె తగ్గినట్టు కనిపిస్తుంది, పని ఆలస్యమవుతుంది, బ్యాటరీకి దక్కేది దాదాపు ఏమీ ఉండదు. దాన్ని వేయకండి.