వలసబిడ్డకు చట్టపు నీడ

నాగార్జునసాగరు ఎడమకాలువ నీటితో నేరేడుచర్ల, మిర్యాలగూడ ప్రాంతపు పొలములు పచ్చబడినవి. ఆ ధాన్యమును మరపట్టు బియ్యపు మిల్లులలో మూటలు మోయుటకు బీహారు వంటి దూరరాష్ట్రముల నుండి హమాలీలు వచ్చుచున్నారు. తెలంగాణలోని ఇటుక బట్టీలకైతే ఒడిశాయందలి బలాంగీర్, నువాపడా జిల్లాల నుండి కుటుంబములకు కుటుంబములే తరలివచ్చును. బయానా సొమ్ము పుచ్చుకొనునది తండ్రి. దానిని తీర్చు చేతులలో బిడ్డ చేతులును కలియును.

అట్టి బిడ్డ ఒకనాడు బడి గుమ్మము కడ నిలిచినాడనుకొందము. పుట్టిన తేదీ పత్రము లేదు. పాత బడి టి.సి. లేదు, తెలుగు రాదు, విద్యాసంవత్సరము సగము గడచినది. చేర్చుకొనవచ్చునా? 2009 నాటి విద్యాహక్కు చట్టము ఈ సందేహమునకు తావీయలేదు. 6 నుండి 14 ఏండ్లలోపు బిడ్డను వయస్సు పత్రము లేదని గాని, టి.సి. రాలేదని గాని, గడువు మించినదని గాని త్రిప్పి పంపరాదు. వయస్సునకు తగిన తరగతిలో చేర్చి, వెనుకబడిన చదువునకు ప్రత్యేకశిక్షణ ఈయవలెను.

బడికి రాని బిడ్డ మాట వేరు. పనిలో చిక్కినవాడు, తప్పిపోయినవాడు, పెంచువారిచే హింస పడువాడు, బాల్యవివాహపు అంచున నున్న బాలిక - వీరిని 2015 నాటి బాలన్యాయ చట్టము ‘సంరక్షణ, రక్షణ అవసరమైన బిడ్డలు’గా గుర్తించినది. ఈ గుర్తింపునకు 18 ఏండ్లు నిండకుండుటయే వయోనియమము. ఏ రాష్ట్రమువాడని అడుగదు. బిడ్డను 24 గంటలలో జిల్లా బాలల సంక్షేమసమితి ముందు నిలుపవలెను. అధ్యక్షుడును నలుగురు సభ్యులును గల ఈ సమితికి మేజిస్ట్రేటు అధికారములు కలవు.

అమెరికాలో కూడ, తల్లి గాని తండ్రి గాని విడనాడిన లేక హింసించిన పరదేశపు బిడ్డలకు ప్రత్యేక రక్షణ హోదా 1990లో చట్టమునకెక్కినది. అచ్చట ప్రశ్న దేశమున నిలువనిత్తురా యనునది. ఇచ్చట బిడ్డ పౌరుడే; కాని భాష, పత్రము, పరిచయము లేక సొంతదేశములోనే పరాయివాడగుచున్నాడు.

సమితి పేరు వినగానే తల్లి గుండె జల్లుమనును: బిడ్డను లాగికొనిపోదురేమో! ఈ భయమువలననే పలువురు బిడ్డలను దాచుదురు. కాని చట్టము దృష్టిలో వసతిగృహము కడపటి మార్గము. బిడ్డను కన్నవారి చెంతకు చేర్చుటయే ప్రధానోద్దేశము. తల్లిదండ్రులది వెట్టిచాకిరి యని తేలినచో 1976 నాటి చట్టము ప్రకారము ఆ అప్పే రద్దగును. న్యాయవాదికి రుసుము చెల్లింపలేమను చింతయు వలదు. 1987 నాటి న్యాయసేవల చట్టము బిడ్డలకు, స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితసహాయము కల్పించినది. జిల్లా న్యాయసేవల సంస్థను ఆశ్రయింపవచ్చును. 15100 నంబరునకు ఫోను చేయవచ్చును. ఆపదలోనున్న బిడ్డకొరకు 1098 కలదు.

ఇన్ని చట్టములున్నను, అవి తమంతట తాము ఇటుక బట్టీకి నడచిపోవు. హాజరుపట్టీలో లేని పేరును గమనించు ఉపాధ్యాయుడు, పొరుగు గుడిసెలోని ఈడువానిని బడికి రమ్మని పిలుచు విద్యార్థి - వీరు కదలిననాడే చట్టమునకు కాళ్లు వచ్చును.